చనిపోయిన వారి పేరు మీద ప్రభుత్వ చెక్కు వస్తే

2020 మే నెలలో ఒక మధ్యాహ్నం మా మెయిల్‌బాక్సులో అమెరికా ట్రెజరీ నుంచి ఒక కవరు వచ్చింది. లోపల 2,400 డాలర్ల చెక్కు. దాని మీద రెండు పేర్లు ఉన్నాయి: మా మామయ్యగారిది, అత్తయ్యగారిది. మామయ్యగారు పోయి అప్పటికి ఏడు నెలలు.

అత్తయ్యగారు కళ్లజోడు పెట్టుకుని చెక్కు చాలాసేపు చూశారు. "ఆయన పేరు ఇంకా ఉందే అమ్మాయ్ వీళ్ల దగ్గర" అన్నారు. ఆ గొంతులో ఉన్నది ఆశ్చర్యమో సంతోషమో నాకు అర్థం కాలేదు.

ఆ ఏడాది ఇలాంటి చెక్కులు లక్షల ఇళ్లకు వచ్చాయి. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తీసుకున్న మన తెలుగు కుటుంబాలకు ఈ విషయంలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. మాకు ఎదురైతే గానీ అవి మాకూ తెలియలేదు. అందుకే తెలుసుకున్నదంతా ఒకచోట రాస్తున్నాను.

ఆ డబ్బు ఎవరికి ఉద్దేశించింది?

కోవిడ్ మొదలైన రోజుల్లో, 2020 మార్చి 27న కేర్స్ చట్టం వచ్చింది. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి 1,200 డాలర్లు, 17 ఏళ్లలోపు పిల్లలకు 500 డాలర్లు. ఒంటరిగా రిటర్ను వేసేవారికి ఆదాయం 75 వేలు, జంటకు లక్షా 50 వేల డాలర్లు దాటితే ఆ మొత్తం క్రమంగా తగ్గుతుంది. మనం దరఖాస్తు పెట్టుకోనక్కర్లేదు. 2019 టాక్స్ రిటర్ను వేసి ఉంటే దాన్ని బట్టి, లేకపోతే 2018 రిటర్నును బట్టి ఐఆర్‌ఎస్ పంపించేసింది.

చిక్కు అక్కడే వచ్చింది. 2018 రిటర్ను నాటికి బతికి ఉన్నవారు 2020 ఏప్రిల్ నాటికి ఉండాలని లేదు కదా. మామయ్యగారు తెనాలిలో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మా ఆడపడుచు స్పాన్సర్ చేస్తే ఇద్దరికీ గ్రీన్ కార్డులు వచ్చాయి. ఉండడం మాత్రం న్యూజెర్సీలో మా దగ్గరే. అక్కడి పెన్షను కూడా ఇక్కడ చూపించాలి కాబట్టి ఏటా జాయింట్ రిటర్ను వేసేవాళ్లం. 2018 రిటర్ను కూడా అలాగే వేశాం. 2019 అక్టోబరులో ఊరు వెళ్లినప్పుడు ఆయన అక్కడే పోయారు.

ఎంతమందికి ఇలా వెళ్లాయి?

అమెరికా పార్లమెంటుకు లెక్కలు చూసి పెట్టే సంస్థ జీఏఓ. అది 2020 జూన్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఏప్రిల్ 30 నాటికే దాదాపు 11 లక్షల చెల్లింపులు, సుమారు 140 కోట్ల డాలర్లు, చనిపోయినవారి పేర్లకు వెళ్లాయి. మే నెలాఖరుకు వెళ్లిన మొత్తం చెల్లింపులు 16 కోట్లు. ఆ లెక్కన తప్పుగా వెళ్లినవి నూటికి ఒకటి కూడా కాదు. అయినా 140 కోట్ల డాలర్లు చిన్న మొత్తం కాదు.

కారణం కూడా ఆ నివేదికలోనే ఉంది. సోషల్ సెక్యూరిటీ వాళ్ల దగ్గరుండే మరణాల జాబితా ఐఆర్‌ఎస్‌కు అందుబాటులోనే ఉంది. కానీ రిటర్ను వేసినవారికి డబ్బు ఆపే అధికారం ఈ చట్టం కింద తమకు లేదని వాళ్ల న్యాయ విభాగం భావించింది. అందుకని మొదటి మూడు విడతల్లో ఆ జాబితాతో సరిచూడలేదు. ఇక నిజంగా డబ్బు విడుదల చేసే ట్రెజరీ విభాగానికి అప్పట్లో ఆ పూర్తి జాబితా చూసే వీలే లేదు.

ఇలా జరగడం అదే మొదటిసారి కూడా కాదు. 2009 ఆర్థిక మాంద్యంలో సోషల్ సెక్యూరిటీ పొందేవారికి పంపిన 250 డాలర్ల చెల్లింపుల్లోనూ వేల కొద్దీ చనిపోయినవారి పేర్లకు వెళ్లాయి.

మా విషయంలో లోపం మాదే

వార్తల్లో చూసినప్పుడు నేనూ "ఇంత పెద్ద దేశం, ఈ మాత్రం చూసుకోలేదా" అనుకున్నాను. కొందరి చెక్కుల మీద పేరు పక్కన మరణించారని సూచించే అక్షరాలు కూడా ఉన్నాయని చదివి నవ్వుకున్నాను. మరి మా చెక్కు మీద అవి లేవేమిటి అని ఆలోచిస్తే అప్పుడు తట్టింది. మామయ్యగారు పోయారని మేము ఇక్కడ ఎవరికీ చెప్పలేదు!

అమెరికాలో ఎవరైనా పోతే సాధారణంగా ఫ్యూనరల్ హోమ్ వాళ్లే సోషల్ సెక్యూరిటీకి తెలియజేస్తారు. ఇండియాలో పోతే ఆ పని చేసేవారు ఎవరూ ఉండరు. అమెరికా పౌరులైతే ఎంబసీ లేదా కాన్సులేట్ ఒక మరణ నివేదిక ఇస్తుంది. గ్రీన్ కార్డు ఉన్నవారికి అది ఉండదు. అంటే కుటుంబం చెప్పకపోతే ఇక్కడి రికార్డుల్లో ఆ మనిషి బతికే ఉంటారు. ఏ జాబితాతో సరిచూసినా మా చెక్కు ఆగేది కాదు.

ఇంకో మాట ఒప్పుకోవాలి. తెనాలిలో మాత్రం మేమేమీ ఆలస్యం చేయలేదు. మునిసిపాలిటీలో మరణ ధ్రువపత్రం తీసుకుని, పెన్షను ఆఫీసులో ఇచ్చి, అత్తయ్యగారికి ఫ్యామిలీ పెన్షను మార్పించాం. అక్కడ డబ్బు రావాల్సి ఉంది కాబట్టి వెంటనే చెప్పాం. ఇక్కడ వచ్చేది ఏమీ లేదు కాబట్టి మాకు గుర్తే రాలేదు. నేను కెమిస్ట్రీ చదివాను. రీడింగు తీసిన వెంటనే రికార్డులో రాయకపోతే ఆ ప్రయోగం లెక్కలోకి రాదని మా లెక్చరర్ ఎన్నిసార్లు చెప్పారో!

ఉంచుకోవచ్చా, తిరిగి ఇవ్వాలా?

ఈ చర్చ మా ఇంట్లోనూ నడిచింది. వెనక రెండు సంతకాలు పెట్టి, ఫోన్‌తో ఫోటో తీస్తే పని అయిపోతుంది, ఎవరు చూస్తారు అనే మాట వచ్చింది. ఆ మాట రావడానికి కారణం ఉంది. అందరికీ డబ్బులొచ్చిన ఆ ఏప్రిల్‌లో మా నలుగురికి ఒక్క డాలరు రాలేదు.

నాది హెచ్4 వీసా. పని చేసే అనుమతి లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, టాక్సు కోసం ఇచ్చే ఐటిన్ మాత్రమే ఉంది. జాయింట్ రిటర్నులో భార్యాభర్తల్లో ఒకరికి ఐటిన్ ఉంటే, మిలిటరీ కుటుంబాలకు తప్ప, మొత్తం కుటుంబానికే డబ్బు లేదని కేర్స్ చట్టం చెప్పింది. ఏళ్లుగా టాక్స్ కడుతున్న మా వారికి లేదు, ఇక్కడే పుట్టిన మా పిల్లలిద్దరికీ లేదు. పోయినవారికి మాత్రం వచ్చింది. ఆ కోపం నాకూ ఉంది.

కానీ మన కోపం వేరు, ఆ చెక్కు వేరు. ఐఆర్‌ఎస్ మే 6న స్పష్టంగా చెప్పింది: డబ్బు అందేలోపు చనిపోయినవారి వాటా తిరిగి పంపాలి. బతికి ఉన్న జీవిత భాగస్వామి వాటా పంపనక్కర్లేదు. చివరికి అత్తయ్యగారే తేల్చేశారు: "ఆయన ఎవరికీ పైసా బాకీ పెట్టిన మనిషి కాదు. పంపించెయ్యండి."

అప్పట్లో తిరిగి పంపిన పద్ధతి

* చెక్కు డిపాజిట్ చేయకపోతే: వెనక సంతకం చేసే చోట 'వాయిడ్' అని రాసి, ఎందుకు పంపుతున్నామో ఒక చిన్న ఉత్తరం జతచేసి, మన రాష్ట్రానికి చెప్పిన ఐఆర్‌ఎస్ చిరునామాకు పంపాలి. మడత పెట్టకూడదు, పిన్ను కొట్టకూడదు.

* డబ్బు ఖాతాలో పడిపోయినా, చెక్కు మార్చేసినా: యూఎస్ ట్రెజరీ పేరిట పర్సనల్ చెక్కు లేదా మనీ ఆర్డరు తీసి, దాని మీద 2020 ఈఐపీ అనీ, ఎవరి పేరున డబ్బు వచ్చిందో వారి సోషల్ సెక్యూరిటీ నంబరూ రాసి, కారణంతో పంపాలి.

* ఇద్దరి పేర్లతో చెక్కు వచ్చి, ఒకరు లేనందువల్ల మార్చుకోలేకపోతే: మొత్తం చెక్కు వెనక్కి పంపితే బతికి ఉన్నవారి పేరిట కొత్తది ఇస్తారు.

మేము చేసింది ఈ మూడోది. చెక్కుకి రెండు వైపులా కాపీ తీసుకుని, ట్రాకింగ్ ఉన్న పోస్టులో పంపాం. ఆ జులైలోనే 2019కి ఇద్దరి జాయింట్ రిటర్ను వేసి, అందులో ఆయన మరణించిన తేదీ చూపించాం.

ఇక్కడ ఒక మెలిక ఉంది. 2020 డిసెంబరు 27న వచ్చిన చట్టం ప్రకారం, మొదటి రెండు విడతలకు 2020 జనవరి 1కి ముందు పోయినవారు అర్హులు కారు. 2020లో పోయినవారి తరఫున మాత్రం ఆ ఏడాది రిటర్నులో రికవరీ రిబేట్ క్రెడిట్ అడిగే వీలు కలిగింది. 2021 మార్చిలో వచ్చిన 1,400 డాలర్ల విడతకు ఆ గీత 2021 జనవరి 1.

ఐటిన్ కుటుంబాలకు న్యాయం జరిగింది కూడా ఆ డిసెంబరు చట్టంలోనే. సోషల్ సెక్యూరిటీ నంబరు ఉన్న భర్తకు, పిల్లలకు వెనకటి తేదీ నుంచి అర్హత ఇచ్చారు. మేము 2020 రిటర్నులో ఆ క్రెడిట్ తీసుకున్నాం. నా వాటా రాలేదు, కానీ పిల్లలది వచ్చింది. ఆ క్రెడిట్లు అడిగే గడువులు ఇప్పుడు ముగిసిపోయాయి.

చదువుకోవడానికి వచ్చిన పిల్లలకు

పొరపాటున డబ్బు అందుకున్న వారిలో ఎఫ్1 విద్యార్థులు కూడా ఉన్నారు. సాధారణంగా మొదటి అయిదు క్యాలెండర్ సంవత్సరాలు వాళ్లు టాక్స్ లెక్కలో నాన్ రెసిడెంట్లు. 1040 ఎన్‌ఆర్ ఫారం వేయాలి. ఏదో ఉచిత సాఫ్ట్‌వేరులో మామూలు 1040 వేసినవారికి, రెసిడెంట్ అనుకుని డబ్బు వచ్చేసింది. వాళ్లు ఆ డబ్బు తిరిగి ఇచ్చి, 1040 ఎక్స్‌తో రిటర్ను సరిచేసుకోవాలి. మీ బంధువుల పిల్లలు ఎవరైనా ఉంటే ఏ ఫారం వేస్తున్నారో ఒకసారి అడగండి. "స్టిమ్యులస్ వెనక్కి కట్టాలి, గిఫ్ట్ కార్డులు కొను" అని ఫోన్ చేసేవాళ్లు మోసగాళ్లు. ఐఆర్‌ఎస్ గిఫ్ట్ కార్డులు అడగదు.

ఊళ్లో పొలం ఉన్నవారికి

ఇలాంటి పొరపాటు మన దేశంలోనూ ఉంది. పీఎం కిసాన్ కింద రైతు కుటుంబానికి ఏడాదికి 6,000 రూపాయలు ఇస్తారు. 2020 జులై నాటికి 20 లక్షల పైచిలుకు అనర్హులకు సుమారు 1,364 కోట్లు వెళ్లాయని కేంద్ర వ్యవసాయ శాఖే సమాచార హక్కు కింద చెప్పింది. ఎన్‌ఆర్‌ఐలు ఆ పథకానికి అర్హులు కారు. మీ పేరున పొలం ఉండి, పాత బ్యాంకు ఖాతాలో 2,000 చొప్పున పడుతున్నాయేమో చూసుకోండి. అలాగే పెన్షనరు పోయాక ఖాతాలో పడిన పెన్షను కుటుంబానిది కాదు, దాన్ని తిరిగి రాబట్టుకుంటారు.

అమ్మానాన్నలు ఇండియాలో పోతే

అమెరికాలో ఇప్పుడు పరిస్థితి కొంత మారింది. 2023 డిసెంబరు నుంచి మూడేళ్లపాటు సోషల్ సెక్యూరిటీ పూర్తి మరణాల జాబితాను ట్రెజరీ చూసే ఏర్పాటు జరిగింది. తొలి అయిదు నెలల్లోనే 3.1 కోట్ల డాలర్లకు పైగా ఆపగలిగారు, రాబట్టగలిగారు. కానీ మనం చెప్పని మరణం ఆ జాబితాలోకి ఎలా వస్తుంది?

కాబట్టి గ్రీన్ కార్డు ఉన్న పెద్దవాళ్లు అక్కడ పోతే, పన్నెండో రోజు అయ్యాక కాస్త తేరుకుని ఈ పనులు చేయండి. మరణ ధ్రువపత్రం నాలుగైదు కాపీలు, ఇంగ్లీషులో కూడా ఉండేలా తీసుకోండి. సోషల్ సెక్యూరిటీకి ఫోన్ చేసిగానీ, ఆఫీసుకు వెళ్లిగానీ చెప్పండి. వారి నంబరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ సిద్ధంగా ఉంచుకోండి. వాళ్ల దగ్గర ఏ పెన్షనూ తీసుకోకపోయినా చెప్పాలి. బ్యాంకుకు, ఇన్సూరెన్సుకు చెప్పండి. చివరి ఏడాది టాక్స్ రిటర్ను మర్చిపోకండి.

మేము ఫోన్ చేసిన రోజు స్పీకరులో పెట్టాం. పోయిన తేదీ ఏమిటని అడిగితే నేను చెప్పబోయాను. అత్తయ్యగారు నా చేయి పట్టుకుని ఆపి, ఆవిడే చెప్పారు. ఇంగ్లీషులో, నెల, రోజు, సంవత్సరం, ఒక్కొక్కటిగా. కొన్నాళ్లకు ఆవిడ ఒక్కరి పేరుతో 1,200 డాలర్ల చెక్కు వచ్చింది. దాన్ని మామయ్యగారి ఫైలులో ఒక రాత్రి ఉంచి, మర్నాడు బ్యాంకులో వేయమని నాకిచ్చారు.