వేషాల కవచాలు: లోహానికి బదులు వాడే పదార్థాలు

నాటకంలోనో, వీధి వేషంలోనో, పాత్రలు కట్టి ఆడే ఆటలోనో యోధులకు తొడిగే కవచం, కిరీటం, భుజకీర్తులు, డాలు వగైరాలను కలిపి వేషాల కవచాలు అనవచ్చు. కత్తి దెబ్బ కాచుకోవడం వీటి పని కాదు. చూసేవాళ్లకు లోహంలా కనబడాలి, వేసుకున్నవాళ్లకు బరువు కాకూడదు. అందుకే ఇనుము, ఇత్తడి వాడాల్సిన చోట మెత్తని కర్ర, బెండు, కాగితం, గుడ్డ, పలుచని రేకు, ఇటీవల ఫోమ్ షీట్లు వాడుతున్నారు. తెలుగువాళ్ల పద్ధతి, బెంగాల్ పద్ధతి రెండింటినీ దగ్గర పెట్టి చూడడానికి ఖరగ్‌పూర్‌ను మించిన ఊరు లేదు.

ఖరగ్‌పూర్ సంగతి

ఖరగ్‌పూర్ పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని రైల్వే పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాపు కట్టడంతో ఊరు పెరిగింది. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం వైపు నుంచి వేల కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఈ కుటుంబాలు వదిలి వచ్చిన ఊళ్లు పద్యనాటకాన్ని ప్రాణంగా చూసుకున్నవి. కృష్ణుడి కిరీటం, భీముడి గద, దుర్యోధనుడి భుజకీర్తులు లేకుండా అక్కడ తీర్థాలు, సంబరాలు జరిగేవి కావు. ఇటు చూస్తే ఖరగ్‌పూర్ నుంచి బాఁకుడా, ఆద్రా మీదుగా రైల్లో వెళ్తే వచ్చేది పురూలియా, ముసుగులతో ఆడే ఛౌ నాట్యానికి పేరుపడ్డ చోటు. చుట్టూ ఉన్నదంతా జాత్రా నాటకాలు, దుర్గాపూజల సీమ.

బరువు లెక్క

ఒక చదరపు మీటరు ఇనుప రేకు, మందం ఒక మిల్లీమీటరే అయినా, సుమారు 7.8 కిలోలు తూగుతుంది. చెప్పుల తయారీలో వాడే ఈవీఏ ఫోమ్ పది మిల్లీమీటర్ల మందంలో అంతే వైశాల్యం తీసుకుంటే ఒక కిలోకు అటూ ఇటూ ఉంటుంది. యూరప్ యోధులు ఒళ్లంతా తొడుక్కున్న ఉక్కు కవచం 15 నుంచి 25 కిలోలు ఉండేది. రాత్రంతా రాగాలు తీసి పద్యం పాడాల్సిన నటుడి ఛాతీ మీద అందులో సగం పెట్టినా ఊపిరి అందదు. బరువు తగ్గించడమంటే ఖర్చు తగ్గించడమనే చాలామంది అనుకుంటారు కానీ, అసలు కారణం నటుడి గొంతు, నడుము.

నిజమైన కవచాల్లోనూ అన్నీ లోహపువి కావు. మొగలుల కాలంలో వాడిన చిల్తా హజార్ మాషా దూది కుక్కి కుట్టిన అంగీయే, పైన వేల చిన్న ఇత్తడి మేకులు గుచ్చేవారు. వేషం కోసం దీన్ని అనుకరించడం అన్నిటికన్నా తేలిక: పాత బొంత గుడ్డ, పైన ముఖమల్, మేకుల బదులు పసుపు రంగు గుండీలు. చరిత్రకు దగ్గరగా ఉంటుంది, చవక కూడా. మన వేషాల్లో దీని వాడకం ఇంత తక్కువగా ఉండడం బాధ కలిగించే విషయం.

కర్ర, బెండు, కాగితం

తెలుగు నేల మీద ఈ పనికి పాత నేస్తం పొణికి కర్ర. కొండపల్లి, నిర్మల్ బొమ్మలు చేసేది దీనితోనే. ఆరితే బాగా తేలికవుతుంది, చిన్న ఉలికి సాఫీగా తెగుతుంది, పగలదు. తెలంగాణ చిందు యక్షగాన కళాకారులు కిరీటాలు, భుజకీర్తులు ఇలాంటి తేలికపాటి కర్రతో చెక్కి, పైన అద్దం ముక్కలు, రంగు రేకులు అతికిస్తారు. దివిటీల కాలంలో ఆ అద్దం ముక్కల విలువ ఎక్కువ: వెలుగు తక్కువైన కొద్దీ నటుడు కదిలినప్పుడల్లా అవే మెరిసేవి. చేర్యాల నకాశీలది మరో దారి. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన బంకలో రంపపు పొట్టు కలిపి ముద్ద చేసి దానితో ముసుగులు మలుస్తారు. ఆరాక ఆ ముద్ద కర్రలాగే గట్టిపడుతుంది.

బెంగాల్‌లో పొణికి స్థానం షోలాది. చెరువుల్లో, వరిమళ్ల నీళ్లలో పెరిగే మొక్క కాండంలోని తెల్లని బెండు అది. మాలాకార్లు దాన్ని పలుచని పొరలుగా కోసి పెళ్లికొడుకు తలకు పెట్టే టోపొర్, దుర్గమ్మ కిరీటం, అలంకారాలు చేస్తారు. వెండి రేకుల అలంకారాన్ని డాకేర్ సాజ్ అంటారు. ఒకప్పుడు ఆ రేకు జర్మనీ నుంచి టపాలో వచ్చేది కాబట్టి ఆ పేరు. రైల్వే దొరలు ఎండకు పెట్టుకున్న సోలా టోపీ కూడా ఈ బెండుతో చేసిందే. పొణికి దెబ్బకు ఆగుతుంది, షోలా ఆగదు. వేలితో నొక్కితే సొట్ట పడుతుంది. కాబట్టి ఊరేగింపు కిరీటానికి షోలా, ఎగిరి దూకే భీముడికి పొణికి.

పురూలియా జిల్లా చరిదా గ్రామంలో సూత్రధార్ కుటుంబాలు చేసే ఛౌ ముసుగులు ఈ రెంటికీ మధ్యన నిలుస్తాయి. ముందు మట్టితో అచ్చు చేసి, అంటుకోకుండా బూడిద చల్లుతారు. పల్చటి బంకలో తడిపిన కాగితాన్ని పొర మీద పొర వేస్తారు. ఆపైన మట్టిలో ముంచిన గుడ్డ చుట్టి, చెక్క పనిముట్టుతో ముక్కు, కనుబొమలు తీర్చిదిద్దుతారు. ఆరాక అచ్చు ఊడదీస్తే తేలికైన, గట్టి గుల్ల మిగులుతుంది. మహిషాసురుడు గాలిలోకి ఎగిరి మోకాళ్ల మీద దిగినా అది నిలుస్తుంది. ఛౌ నాట్యాన్ని యునెస్కో 2010లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇదే పద్ధతిలో ఛాతీ కవచం చేసుకోవాలంటే అచ్చు బదులు పాత బిందె బోర్లిస్తే చాలు.

ఆటగాళ్ల కవచాలు, ఫోమ్

లైవ్ యాక్షన్ రోల్ ప్లేయింగ్, పొట్టిగా లార్ప్, అనే ఆటలో రాసిపెట్టిన సంభాషణలు ఉండవు, ప్రేక్షకులు వేరుగా ఉండరు. ఆడేవాళ్లంతా వేషాల్లోనే మైదానంలో తిరుగుతూ మెత్తని కత్తులతో కొట్టుకుంటారు. అమెరికాలో డాగోర్‌హిర్ అనే ఇలాంటి ఆట 1977లో, ఇంగ్లండులో పెక్‌ఫోర్టన్ కోటలో ట్రెజర్ ట్రాప్ 1982లో మొదలయ్యాయి. మనకు దీనికి దగ్గర చుట్టాలు పగటి వేషగాళ్లు. ఇంటి ముందుకొచ్చి, పట్టపగలు, చేతికందే దూరంలో పాత్రగా మాట్లాడతారు. ఒడిశాలోని బర్గఢ్ ధనుయాత్ర ఇంకా దగ్గర: ఊరంతా మథుర అవుతుంది, కంసుడు వీధుల్లో తిరిగి అధికారులకు జరిమానాలు వేస్తాడు.

వేదిక మీది కిరీటాన్ని ఇరవై అడుగుల నుంచి చూస్తారు, బేగడ రేకు చాలు. లార్ప్ కవచాన్ని అడుగు దూరం నుంచి చూస్తారు, పైగా దాని మీద దెబ్బ పడుతుంది. అంచు పదునుగా ఉంటే ఎదుటివాడి చెయ్యి కోసుకుపోతుంది. అందుకే అద్దాలు, తగరపు రేకు ఇక్కడ పనికిరావు. ఈవీఏ ఫోమ్ రాజ్యమేలుతోంది. ఛాతీకి పది మిల్లీమీటర్లు, భుజాలకు ఐదారు, నగిషీలకు రెండు మిల్లీమీటర్ల షీటు. అంచులు ఏటవాలుగా కోసి, రెండు వైపులా రబ్బరు సొల్యూషన్ రాసి, చేతికి అంటుకోనంతగా ఆరనిచ్చి అదిమితే అతుకు గట్టిగా నిలుస్తుంది. హీట్ గన్‌తో వేడిచేస్తే వంపు తిరుగుతుంది, పై రంధ్రాలూ మూసుకుంటాయి. నీళ్లు కలిపిన ఫెవికాల్ రెండు మూడు పూతలు, తర్వాత నల్లరంగు, చివర దాదాపు పొడిగా ఉన్న బ్రష్‌తో ఎత్తుపల్లాల పైభాగాన మాత్రమే వెండి రంగు. పల్లాల్లో నలుపు మిగలడమే దాన్ని ఉక్కులా చూపిస్తుంది. అంతా వెండి పూస్తే బొమ్మలా ఉంటుంది.

థర్మాకోల్‌ను మాత్రం ఒంటి మీద వేసుకునేవాటికి వాడకపోవడమే మంచిది. రబ్బరు సొల్యూషన్, స్ప్రే పెయింటు తగిలితే కరిగిపోతుంది, నిప్పంటుకుంటే నల్లటి విషపు పొగ వదులుతుంది. దీపావళి రోజుల్లో వేషాలు కట్టే పిల్లలకు దీన్ని అసలు తొడగకూడదు.

ఫోమ్‌కు ఉన్న పెద్ద లోపం గాలి ఆడకపోవడం. మేదినీపూర్ వేసవిలో అరగంటకే ఒళ్లు తడిసి ముద్దవుతుంది. ముందు పలక, వెనక పలక విడిగా చేసి పక్కలు నవారుతో కట్టుకోవాలి, లోపల నూలు బనియన్ ఉండాలి. వానాకాలంలో చిక్కు కాగితం, కర్రలకు: బంక మెత్తబడుతుంది, పురుగు పడుతుంది. బంక ఉడికేటప్పుడు చిటికెడు మైలుతుత్తం కలపడం పాత ఉపాయం. అలా చేసినదాన్ని నోటి దగ్గరకు వచ్చే ముసుగులకు వాడరు. ఫోమ్‌కు ఆ బెడద లేదు కానీ, ఎండలో వదిలినా, బరువు కింద మడతపెట్టినా వంపు పోతుంది. దండెం మీద చొక్కాలా వేలాడదీసి ఉంచుతారు.