చక్కెర జబ్బులో చెప్పుకోని బాధ

సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమంటే గద్వాల కోట గురించో, మన నడిగడ్డ గురించో రాస్తానని మిత్రులు అనుకొని ఉంటారు. నేను మాత్రం మనలో చాలామంది ఇంట్లో కూడా చెప్పుకోని ఒక బాధ చరిత్ర రాస్తున్నాను.

రిటైరై గట్టులో స్థిరపడ్డ నాకు చాలా ఏళ్లుగా చక్కెర జబ్బు. క్రమంగా దాంపత్యంపై కోరిక తగ్గిపోయింది. నా మనసు విరిగిందనుకొని మా ఆవిడ లోలోపల కుమిలిపోయింది. నేను సిగ్గుపడి, డాక్టరుకు చెప్పకుండా, ఒక మందుల షాపులో మాత్ర కొన్నాను. అది చూసి మా ఆవిడ, "నాలుక కింద పెట్టుకునే గుండె మాత్రతో ఇది పడుతుందో లేదో అడిగారా?" అంది. డాక్టరుగారిని అడిగితే, రెండూ కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చన్నారు.

అప్పటినుంచి ఈ విషయమై చదవసాగాను. మన ఆయుర్వేదం ఎనిమిది అంగాల్లో వాజీకరణం ఒకటి. చక్కెర జబ్బులో లైంగిక శక్తి క్షీణిస్తుందని 11వ శతాబ్దం నాటి వైద్యుడు ఇబ్న్ సీనా గుర్తించాడు. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ ఇన్సులిన్ కనుగొన్నాక రోగుల ఆయుష్షు పెరిగింది. 1935లో టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోనును శాస్త్రజ్ఞులు వేరుచేశారు. మొదట గుండెనొప్పికి పరీక్షించిన సిల్డెనాఫిల్‌ను 1998లో అమెరికా వయాగ్రా పేరుతో అనుమతించింది. తెలుగునాట ఇలాంటి సంగతులను పత్రికల్లో నిస్సంకోచంగా రాసినవారిలో విజయవాడ డాక్టర్ జి. సమరంగారు ముఖ్యులు.

ఇందులో మనం గ్రహించవలసింది ఒకటుంది. వయాగ్రా రక్తప్రసరణను పెంచుతుంది గాని కోరికను పుట్టించదు. చక్కెర రక్తనాళాలను, నరాలను దెబ్బతీస్తుంది. కోరిక తగ్గడానికి హార్మోను లోపం, దిగులు, కొన్ని బీపీ మాత్రలు కూడా కారణం కావచ్చు. ఉదయం పూట రక్తపరీక్షలు చేయించి, హార్మోను నిజంగా తక్కువైతేనే, డాక్టరు పర్యవేక్షణలో టెస్టోస్టిరాన్ వాడాలి.

నాకు చక్కెర అదుపులోకి తెచ్చి, బీపీ మాత్ర మార్చారు. ఆ మార్పు మెల్లగా తెలిసింది. అంతకంటే ముందే, మా ఇద్దరి మధ్య మాటలు తిరిగి మొదలయ్యాయి.

పెన్షనరు సోదరులారా! ఈసారి షుగరు పరీక్షకు వెళ్లినప్పుడు మీరు వాడే మందులన్నీ సంచిలో పెట్టుకొని భార్యాభర్తలిద్దరూ కలిసి వెళ్లండి. ఈ సంగతి కూడా డాక్టరుగారికి చెప్పండి. వయసు మీద పడ్డాక ఇంకా ఇదెందుకని ఎవరూ సిగ్గుపడవద్దని నా మనవి.