చీటీ లేని డబ్బాలు

ఉప్పు డబ్బాలో పంచదార పోసిన సంగతి చారు నోటికి తగిలినప్పుడు గదా తెలియును! కంప్యూటరు భాషలలోను ఈ చిక్కు కలదు. ఏది సంఖ్యయో, ఏది పేరో పని మొదలుకాక మునుపే సరిచూచు భాషలు కొన్ని యున్నవి. సన్ మైక్రోసిస్టమ్స్ వారు 1995లో వెలువరించిన జావా అట్టిది. అందు ‘ఇంటర్‌ఫేసు’ అనునది ఒక ఒప్పందపత్రము. ఫలానా పనులు చేయగలనని వస్తువు మాట యిచ్చును; ఎట్లు చేయునో మనకక్కరలేదు.

అంత జాగ్రత్తగల భాషలో, వస్తువులను దాచు జాబితాలకు మాత్రము చీటీ లేదు. పేర్ల నడుమ సంఖ్య పడినను కంపైలరు పలుకదు. ప్రోగ్రాము నడుచుచుండగా, దానిని బయటకు తీసినప్పుడు గాని తప్పు తెలియదు.

దీనికి మందు 1970 దశకముననే బార్బరా లిస్కోవ్ బృందము ‘క్లూ’ భాషలో చూపియుండిరి. 1998లో ఫిలిప్ వాడ్లర్, మార్టిన్ ఓడెర్‌స్కీ మొదలగు నలువురు జావాకు అట్టి ‘జెనెరిక్సు’ను సిద్ధపరచిరి. ఇది పేర్ల జాబితాయని ముందే వ్రాయవచ్చును; పోల్చదగిన వస్తువులే చేరవలెనని ఇంటర్‌ఫేసు పేరుతో షరతును పెట్టవచ్చును. భాషలో చేరుటకు 2004 వరకు పట్టెను.

అప్పటికే లోకమంతట పాత ప్రోగ్రాములు నడుచుచున్నవి. వానిని చెడగొట్టరాదని కంపైలరు చీటీని సరిచూచి, పిమ్మట చించివేయును. కావున నడుచు ప్రోగ్రామునకు పేర్ల జాబితాయు, సంఖ్యల జాబితాయు ఒక్కటే. మా దృష్టిలో ఇది ఆలస్యమునకు చెల్లించిన వడ్డీ.

2009లో వెలువడిన గో భాషలో జెనెరిక్సు 2022 మార్చి నాటికి గాని చేరలేదు. వారును షరతులు వ్రాయుటకు ఇంటర్‌ఫేసునే వాడుకొనిరి.