మౌనమూ క్షమా ఒకటి కావు

హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషను 1879లో నెలకొన్నది. వరంగల్లు కేథలిక్ మేత్రాసనం 1952లో ఏర్పడింది. ఈ సంఘాలు మన ప్రాంతానికిచ్చిన బడులూ ఆసుపత్రులూ అందరూ ఎరిగినవే. ఊరు వెలివేసిన కుటుంబాలకు అక్షరాన్నీ ఆత్మగౌరవాన్నీ అందించిన ఘనత వాటిది. ఆ చరిత్రను పలువురు వ్రాశారు. ఆ విశ్వాసుల ఇండ్లలో కొన్నింట నాలుగు గోడల నడుమ దెబ్బలు తిన్న ఇల్లాలి చరిత్ర మాత్రం అరుదుగానే వ్రాతకెక్కింది. అందుకొక కారణం చట్టంలోనే ఉన్నది.

ఆంగ్ల ప్రభుత్వం 1869లో చేసిన భారతీయ విడాకుల చట్టమే క్రైస్తవ దంపతులకు ప్రమాణం. హైదరాబాదు రాజ్యం విలీనమైన పిదప ఓరుగల్లు క్రైస్తవులకూ అదే వర్తించింది. దాని పదవ సెక్షను ప్రకారం, భార్య వ్యభిచారం రుజువైతే భర్తకు విడాకులు దొరికేవి. భార్యకు అది చాలదు. భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వాన్నో, రెండేండ్ల పరిత్యాగాన్నో కూడ ఆమె నిరూపించవలసి వచ్చేది. ఎంత కొట్టినా, కొట్టుట ఒక్కటే విడాకులకు కారణం కాలేదు. విడిగా బ్రతికే అనుమతి దొరకవచ్చు గాని ముడి వీడదు.

1976 సవరణతో హిందూ వివాహ చట్టం క్రూరత్వాన్ని విడాకులకు కారణంగా అంగీకరించింది. పొరుగింటి క్రైస్తవ స్త్రీకి ఆ వీలు లేదు. 1983లో వచ్చిన 498-ఎ సెక్షను మతభేదం లేకుండా శిక్ష విధించింది నిజమే. కాని భర్తకు శిక్ష పడుట వేరు, భార్యకు విముక్తి కలుగుట వేరు.

ఈ గోడను పగులగొట్టినవారు నోరు విప్పి న్యాయస్థానం మెట్లెక్కిన స్త్రీలే. 1995లో కేరళ హైకోర్టు, 1996లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ వివక్షను తప్పుపట్టాయి. 2001లో పార్లమెంటు చట్టాన్ని సవరించి, భార్యాభర్తలకు సమానమైన కారణాలు కల్పించింది. 2005 నాటి గృహహింస చట్టం అన్ని మతాల స్త్రీలకూ రక్షణ ఇచ్చింది.

చట్టం మారినా మాట మారలేదు. "ఓర్చుకో తల్లీ, ప్రార్థన చేయి, సంఘం పరువు తీయకు" అనే హితవు నేటికీ వినిపిస్తుంది. బైబిలులోనే తామారు కథ ఉన్నది. అమ్నోను చేత చెరచబడిన ఆమె తలపై బూడిద పోసుకొని, బిగ్గరగా ఏడుస్తూ వెళ్ళింది. ఊరకుండమన్నవాడు సొంత అన్న అబ్షాలోము. తండ్రి దావీదు కోపించాడే గాని కొడుకును దండించలేదు. ఆ మౌనం ఇంటిని కాపాడలేదు. రెండేండ్లకు హత్యగా బయటపడింది. ఆ గ్రంథం ఆమె ఏడుపును దాచలేదు. దానిని చదివే సంఘం దాచుట ఎట్లు న్యాయం?

క్షమించే హక్కు గాయపడినవారిది. ఆ హక్కును వారి తరపున పెద్దలు వాడుకోరాదు. గాయం మానుటకు మొదటి మందు, చెప్పినదానిని నమ్మి వినుట. రెండవది, హింసించినవాని నుండి ఎడం చేయుట. మహిళలకు 181, పిల్లలకు 1098 నంబర్లున్నాయి. బాధితులు పిల్లలైతే పోలీసులకు తెలుపుట 2012 పోక్సో చట్టం ప్రకారం ఐచ్ఛికం కాదు, విధి; తెలిసీ దాచినవారూ శిక్షార్హులే.

పరువు పేరిట కప్పిన పుండు లోలోపల కుళ్ళుతుంది. గాలి తగిలిన గాయమే మానుతుంది.