నిలుకడలేని బిడ్డలు

కొన్ని సంవత్సరముల క్రిందట నొక తల్లి తన యెనిమిదేండ్ల కుమారుని చేయిపట్టుకొని మా పాఠశాలకు వచ్చెను. ఆ బాలుడు నా బల్లమీది సుద్దముక్కలను కదలించుచు, కిటికీలోనుండి తొంగిచూచుచు, మరలవచ్చి నా గొడుగును తెరచుచు, పది నిమిషములలో నొక్కచోట నిలిచినవాడు కాడు. "మాస్టరుగారూ, వీడు తెలివితక్కువవాడు కాడు. చెప్పినది వెంటనే గ్రహించును. కాని కూర్చుండలేడు, మొదలుపెట్టిన లెక్క ముగింపలేడు. ఏమి చేయుదునో తెలియకున్నది" అని యామె చెప్పుకొనెను. చిరకాలముగా బడిపంతులనైతినను గర్వముతో నేను, "అమ్మా, ఇది మీ గారాబము చేసిన పని. నాలుగు దెబ్బలు పడిన నన్నియు కుదురును" అంటిని. ఆమె మారుమాటాడక వెడలిపోయెను. ఆమె సలహా కోరి రాగా నేను నిందనిచ్చి పంపితిని. తరువాత నేను చదివిన చరిత్ర నా మాట తప్పని నాకు తెలిపినది. ఆ చరిత్రనే చదువరులకు విన్నవించుచున్నాను.

వైద్యులు నేడు ఏ.డి.హెచ్.డి. యను నాలుగక్షరముల పేరితో వ్యవహరించు నీ స్థితికి లక్షణములు మూడు: అవధానము నిలువకుండుట, శరీరమునకు విశ్రాంతి లేకుండుట, ఆలోచనకు ముందే పనికి పూనుకొనుట. పరుగిడు పిల్లవానికెల్ల నిది యున్నదని తలపరాదు. ఇంటను బడిలోను గూడ, చాలకాలము, బిడ్డ చదువునకును స్నేహములకును అడ్డువచ్చునంతగా నుండిననే వైద్యులు దీనిని నిర్ణయింతురు. ప్రపంచమున బాలబాలికలలో సుమారు నూటికైదుగురి కిది కలదని పలుదేశముల పరిశోధనలను కూర్చి చూచినవారు చెప్పుచున్నారు. కవలపిల్లలను పరీక్షించిన శాస్త్రజ్ఞులు దీనికి వంశపారంపర్యమే ముఖ్యకారణమని తేల్చిరి. పెంపకమువలన నిది పుట్టదు.

ఇది నిన్న మొన్న పుట్టిన సంగతియు కాదు. అలెగ్జాండరు క్రైటను అను స్కాట్లండు వైద్యుడు 1798లో ప్రకటించిన గ్రంథమున అవధానమును గూర్చి యొక ప్రకరణమే వ్రాసెను. కొందరికి మనస్సు నొకే విషయముపై నిలుపలేని యశక్తి పుట్టుకతోనే వచ్చుననియు, దానివలన విద్యకు హాని కలుగుననియు, వయసుతో నది తగ్గుటయు కలదనియు నాతడు తెలిపెను. జర్మనీదేశమున ఫ్రాంకుఫర్టు నగరవైద్యుడగు హైన్రిఖ్ హోఫ్‌మన్, 1844 క్రిస్మసు పండుగకు తన చిన్నకుమారునికి తగిన బొమ్మలపుస్తకము దొరకక, తానే యొకటి రచించెను. 1845లో నచ్చుపడి, తరువాతి ముద్రణములలో పెరిగిన యా పుస్తకమున ఫిలిప్పను బాలుడొకడు భోజనపు బల్లయొద్ద కుర్చీ నూపి యూపి, తుదకు బల్లగుడ్డను పట్టుకొని, పళ్లెరములతోగూడ క్రింద పడును. తండ్రి కోపింపగా తల్లి మాటలేక చూచుచుండును. ఆ చిత్రమును చూచి నవ్వినవారిలో, అది తమ యింటి కథయే యని నిట్టూర్చిన తల్లులెందరో!

1902లో లండను నగరమున జార్జి స్టిల్ అను బాలవైద్యుడు వైద్యపండితుల సభలో మూడుపన్యాసముల నిచ్చెను. బుద్ధిలోపము లేకయే తమ్ము తాము నిగ్రహించుకొనలేని యిరువదిమంది పిల్లలను గూర్చి యందు వివరించెను. వారిలో మగపిల్లలే హెచ్చు. మంచి పెంపకము గల యిండ్లలోను నిట్టివారు పుట్టుచున్నారని యాతడు గమనించుట ముఖ్యమైన విషయము. కాని యాతడు దీనికి నీతినిగ్రహలోపమని పేరు పెట్టెను. ఆ పేరు చెడ్డది. నీతి యనగనే జనులు దానిని నేర్పవలసిన తల్లిదండ్రుల వంక చూతురు గదా!

ఈ చరిత్రలో నా మనస్సును మిక్కిలి కదలించినది బ్రాడ్లీ దంపతుల వృత్తాంతము. అమెరికాలో జార్జి బ్రాడ్లీ యను ధనికునికి ఎమ్మా యను నొక్కతే కూతురు. ఏడవయేట వచ్చిన మెదడువాపు జ్వరము ఆ బాలికను శాశ్వతముగ వికలను గావించెను. తలిదండ్రులు వైద్యులనెందరినో యాశ్రయించిరి గాని ఫలము లేకపోయెను. తమ బిడ్డకు దొరకని సహాయము ఇతరుల బిడ్డలకైన దొరకవలెనని తలచి, వారు తమ యాస్తిని బాలుర వైద్యాలయమునకై వ్రాసియిచ్చిరి. ఆ యాలయము 1931లో రోడ్ ఐలండు రాష్ట్రమున తెరువబడెను. అందే, ఆ వంశీయుడే యగు చార్లెసు బ్రాడ్లీ యను వైద్యుడు, తలనొప్పి తగ్గుటకై కొందరు పిల్లలకు బెంజెడ్రిన్ అను మందిచ్చి చూచెను. తలనొప్పి మాట యెట్లున్నను, పలువురు పిల్లలు నెమ్మదించి పాఠముల ముందు కూర్చుండసాగిరి. ముప్పదిమందికి ఇచ్చి చూడగా సుమారు సగముమంది చదువు ఆశ్చర్యకరముగ మెరుగుపడెనని 1937లో నాతడు ప్రకటించెను. పిల్లలు దానిని లెక్కల మాత్ర యని పిలిచిరట! ఇన్ని దండనలకు లొంగనిది యొక మాత్రకు లొంగినదన్నచో, ఆ దోషము బిడ్డ మొండితనమున లేదని స్పష్టమే కదా.

అయినను లోకము వెంటనే మారలేదు. పేళ్లు మాత్రము మారెను. అమెరికా మనోవైద్యులు 1968లో నొక పేరును, 1980లో వేరొకటియు పెట్టి, 1987లో నేటి పేరును స్థిరపరచిరి. ఈ నడుమ తల్లులు ఒకరినొకరు వెదకికొనసాగిరి. తినుబండారములలోని రంగులే కారణమని ఫైన్‌గోల్డు అను వైద్యుడు 1975లో పుస్తకము వ్రాయగా, తలిదండ్రులు ఊరూర సంఘములు కట్టి వంటలు మార్చుకొనిరి. తరువాతి పరీక్షలలో రంగులవలన కొందరికి కొంత చెరుపు కలదని తేలినదే కాని, ఆయన చెప్పినంత కాదు. 1977లో ఇంగ్లండులో నొక తల్లియు నామె కూతురును కలిసి యిట్టి సంఘమునే స్థాపించిరి. 1987లో ఫ్లారిడా రాష్ట్రమున, ఏకాకులమైతిమని వగచిన తలిదండ్రులు కొందరు చాడ్ అను సంఘము నేర్పరచిరి. ఇట్టివారి యాందోళనమువలననే 1991లో అమెరికా విద్యాశాఖ, ఈ పిల్లలును ప్రత్యేకబోధనకు అర్హులు కావచ్చునని పాఠశాలలకు తెలిపెను. మందులు చేయు కంపెనీవలన చాడ్ ధనము గ్రహించుచున్నదని 1995లో విమర్శయు వచ్చెను. మనకు సమాచారమిచ్చువారికి సొమ్మిచ్చువారెవరో తెలిసికొనుట మంచిదని దీనివలన నేర్వవలెను.

1999లో అమెరికాలో 579 మంది పిల్లలను పదునాలుగు మాసములు పరీక్షించిన ఫలితములు ప్రకటింపబడెను. జాగ్రత్తగా మోతాదు చూచి యిచ్చిన మందు ముఖ్యలక్షణములను బాగుగ తగ్గించెను. దానితో తలిదండ్రులకును ఉపాధ్యాయులకును శిక్షణ జోడించినచోట తక్కువ మందే సరిపోయెను. ఇంటి పొరపొచ్చెములును తగ్గెను. తలిదండ్రులకు శిక్షణ యేలయని యడుగవచ్చును. వారు నేరస్థులని కాదు. గ్రుడ్డిబిడ్డకు చదువు చెప్పగోరు తల్లి చుక్కలలిపి నేర్చుకొన్నట్లే, చంచలుడగు బిడ్డను పెంచుటకు మామూలు తలిదండ్రులకు వలసినదానికంటె హెచ్చు నేర్పు కావలెను.

ఇక మన సంగతి. 2016లో మన దేశమున చేయబడిన వికలాంగుల హక్కుల చట్టము ఇరువదియొక్క వైకల్యములను పేర్కొన్నది. చదువను వ్రాయను లెక్కింపను కలుగు ప్రత్యేకమైన ఇబ్బంది వానిలో చేరినది. ఈ చాంచల్యము విడిగా చేరలేదు. కావున నీ బిడ్డలలో పెక్కురి గతి వారి పంతులు దయపై నాధారపడియున్నది. పంతులు చేయగలిగినది స్వల్పము కాదు. అట్టి బాలుని ముందుబల్లపై కూర్చుండబెట్టవచ్చును. పాఠమును చిన్న ముక్కలుగ విరిచి, ఒకమారు ఒకే మాట చెప్పవచ్చును. సుద్ద తెమ్మనియో పలక తుడువుమనియో పంపి వాని కాళ్లకు పని కల్పింపవచ్చును. చేసిన మంచిని వెంటనే మెచ్చుకొనవచ్చును. తలిదండ్రులు పిల్లల వైద్యునియొద్దకో మనోవైద్యునియొద్దకో పోవుటకు సిగ్గుపడనక్కరలేదు. "అమ్మమ్మ దిష్టి తీసినది, తాతయ్య బెత్తము తీసినాడు" అను రెంటితోనే బిడ్డ బాల్యము గడచిపోరాదు. వీధిలో నిట్టి బిడ్డలు గల యిండ్లు రెండున్నను, ఆ తల్లులు నెలకొకమారు కలిసి మాటాడుకొనుట మేలు. అమెరికాలోని సంఘమును అట్టి కొలదిమందితోనే మొదలైనది.

చదువుపై విముఖులగు కుమారులను చూచి దుఃఖించిన అమరశక్తి మహారాజు కథను మనము పంచతంత్రమున చదివియున్నాము. విష్ణుశర్మ ఆ రాజును నిందింపలేదు, కుమారులను దండింపలేదు. బోధించు విధమును మార్చెను. ఆ గ్రంథమును బాలురకు చెప్పుచునే నేనా తల్లి నట్లు పంపివేసితిని. ఆమె మరల నాకు కనబడలేదు. ఇప్పుడు మా బడికి ఎవరైన తల్లి యట్లు వచ్చినచో, ముందుగా కుర్చీ వేసి, "చెప్పుడమ్మా, మీరేమి చూచితిరి?" అని యడుగుచున్నాను. బిడ్డనుగూర్చి మొదట తెలిసినది తల్లికే యని యొప్పుకొనుటకు నూరేండ్ల చరిత్ర చదువవలసివచ్చెను. మనవారు అంతకాలము వేచియుండకుందురు గాక.