పెట్టె వెనుక రెండో పోర్టు

2013 మే 21. అమెరికాలోని రెడ్మండ్. మైక్రోసాఫ్ట్ ప్రాంగణంలో వేసిన గుడారం కిక్కిరిసి ఉంది. మైక్రోసాఫ్ట్ ఆటల పెట్టె ఎక్స్‌బాక్స్ 360 వచ్చి అప్పటికి దాదాపు ఎనిమిదేళ్లు. కొత్త పెట్టెలో ఏ ఆటలున్నాయో చూద్దామని అంతా వేదిక కేసి మెడలు చాచారు.

వేదిక మీద ముందు మోగింది టీవీ. 'ఎక్స్‌బాక్స్, వాచ్ టీవీ' అనగానే తెర మీదికి ఛానల్ వచ్చేసింది. సినిమా, పాటలు, ఫుట్‌బాల్, స్కైప్... హేలో ఆటను సీరియల్‌గా తీస్తున్నామంటూ స్పీల్‌బర్గ్ వీడియోలో కనిపించాడు. పెట్టె వెనుక రెండు హెచ్‌డీఎంఐ పోర్టులు: ఒకటి టీవీకి, రెండోది కేబుల్ సెట్‌టాప్ బాక్సు తీగ గుచ్చుకోవడానికి. ఎక్స్‌బాక్స్ విభాగం పెద్ద డాన్ మాట్రిక్ బృందం ఆశలన్నీ ఆ రెండో దాని మీదే.

ఆటలాడేవాడు టీవీ చూడడా? ఎందుకు చూడడు! 2000లో సోనీ ప్లేస్టేషన్ 2 చాలా ఇళ్లలో అడుగుపెట్టింది డీవీడీ ప్లేయర్‌గానూ పనికొస్తుందనే. కాకపోతే అక్కడ ఆట అసలు, సినిమా కొసరు. ఇక్కడ కొసరే పీట వేసుకుని కూర్చుంది.

జూన్ మొదటి వారంలో షరతులు బయటికొచ్చాయి. పెట్టె 24 గంటలకోసారి ఇంటర్నెట్‌లో హాజరు వేయించుకోవాలి. కొన్న ఆటను స్నేహితుడికి ఇచ్చేయాలంటే అతను కనీసం 30 రోజులుగా మన ఫ్రెండ్స్ జాబితాలో ఉండాలి. అదీ ఒక్కసారికే. అన్నప్రాసన నాడే ఆవకాయ!

జూన్ 10, లాస్ ఏంజెలెస్, ఈ3 ఆటల ప్రదర్శన. పొద్దున మైక్రోసాఫ్ట్ ధర చెప్పింది: 499 డాలర్లు. కినెక్ట్ కెమెరా వద్దన్నా అంటగడతారు. సాయంత్రం పోటీదారు సోనీ వంతు. పాత డిస్కుల మీద ఆంక్షలు లేవని సోనీ తరఫున జాక్ ట్రెటన్ అనేసరికి హాలు అదిరిపోయింది. చప్పట్లు ఆగేదాకా ఆయన నోరు విప్పే వీల్లేకపోయింది. ప్లేస్టేషన్ 4 ధర 399.

అంతకంటే చురుక్కుమనిపించింది సోనీ నెట్‌లో వదిలిన వీడియో, అర నిమిషం కూడా లేదు. ఆటను ఎలా పంచుకోవాలో నేర్పే పాఠమట. సోనీ అధికారి షుహెయ్ యోషిడా డిస్కు డబ్బా అందించాడు. పక్కనున్న సహోద్యోగి ఆడమ్ బోయెస్ అందుకున్నాడు. పాఠం అయిపోయింది.

అదే వారం మాట్రిక్‌ను అడిగారు, నెట్ లేనివాళ్ల సంగతేంటని. వాళ్లకు ఎక్స్‌బాక్స్ 360 ఉందిగా అన్న ధోరణిలో జవాబిచ్చాడు. కొత్త సరుకు అమ్మాల్సినవాడు పాత కొట్టుకు దారి చూపడమంటే ఇదే.

జూన్ 19న షరతులన్నీ ఎత్తేశారు. జులై 1న మాట్రిక్ ఆటల కంపెనీ జింగాకు వెళ్తున్నట్టు ప్రకటన వెలువడింది. నవంబరులో వారం తేడాతో రెండు పెట్టెలూ అమెరికా అంగళ్లకు చేరాయి.

మరుసటి ఫిబ్రవరిలో బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూలు పూర్వ విద్యార్థి సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ పగ్గాలు పట్టాడు. మార్చి ఆఖరుకు ఎక్స్‌బాక్స్ ఫిల్ స్పెన్సర్ చేతికొచ్చింది. జూన్‌లో కినెక్ట్ లేని పెట్టె దిగింది, ధర సోనీ చెప్పిన అదే 399. జులైలో సీరియళ్లు తీయడానికి పెట్టిన స్టూడియోను మూసేస్తున్నట్టు చెప్పేశారు.

రెండో పోర్టు మాత్రం ఇంకొన్నాళ్లు ఉంది. 2020లో సిరీస్ ఎక్స్ వచ్చింది. పెట్టెను వెనక్కి తిప్పి చూస్తే, అది కూడా లేదు.