నాడి, శ్వాస, భయం: హైదరాబాదు క్లోరోఫారం కమిషన్లు – రోగి పరిశీలన చరిత్ర

వ్యాస సంగ్రహం: మత్తులో ఉన్న రోగి ప్రాణానికి నాడి కాపలానా, శ్వాస కాపలానా అనే వివాదానికి 1888, 1889 సంవత్సరాల్లో హైదరాబాదు వేదికయింది. ఆ ప్రయోగాల నిర్ణయాన్నీ, అది విస్మరించిన అంశాన్నీ ఈ వ్యాసం పరిశీలిస్తుంది. రోగి మనఃస్థితిని, నొప్పిని జీవసంకేతాల నుండి వేరుచేసి చూడరాదని ఈ చరిత్ర ఆధారంగా ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: క్లోరోఫారం, హైదరాబాదు వైద్య పాఠశాల, జీవసంకేతాలు, మనఃస్థితి, నొప్పి, నర్సింగ్.

1. ఉపోద్ఘాతం

ఉష్ణోగ్రత, నాడి, శ్వాస, రక్తపోటు – ఆసుపత్రుల్లో ‘వైటల్స్’గా వ్యవహరించే ఈ జీవసంకేతాలను నర్సు నేడు ఒకే చార్టులో నమోదు చేస్తుంది. ఇవన్నీ ఒక్కసారి ఏర్పడినవి కావు. వైద్యంలో ఉష్ణమాపకానికి స్థిరమైన స్థానం కల్పించిన వుండర్‌లిఖ్ గ్రంథం 1868లో వెలువడింది. రివా-రోచ్చి రక్తపోటు పరికరం 1896 నాటిది. ఈ రెండింటి నడుమ కాలంలో, ఏ సంకేతాన్ని నమ్మాలన్న ప్రశ్న హైదరాబాదులో ప్రయోగానికి వచ్చింది.

2. నేపథ్యం

1847లో ఎడింబరోలో జేమ్స్ యంగ్ సింప్సన్ క్లోరోఫారాన్ని ప్రవేశపెట్టాడు. మరుసటి సంవత్సరం జనవరి 28న ఇంగ్లండులో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల బాలిక కాలిగోరు తీసే చిన్న శస్త్రచికిత్సలో క్లోరోఫారం పీల్చిన కొద్ది నిమిషాల్లోనే మరణించింది. శస్త్రచికిత్సకు ముందు ఆమె బాగా భయపడినట్లు అప్పటి కథనం చెబుతుంది. మరణానికి కారణం గుండె ఆగడమని జాన్ స్నో భావించగా, ఊపిరాడకపోవడమే కారణమని సింప్సన్ వాదించాడు. వైద్యలోకం రెండుగా చీలింది. మత్తు ఇచ్చేటప్పుడు శ్వాసను గమనించాలన్నది ఎడింబరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ బోధన. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ లారీ హైదరాబాదులో రెసిడెన్సీ సర్జనుగా, వైద్య పాఠశాల అధిపతిగా ఉన్నాడు.

మూసీకి ఉత్తరపు ఒడ్డున 1866లో ఏర్పడిన అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి అప్పటి ప్రధాన వైద్యకేంద్రం. నదికి దక్షిణాన మాదన్నపేట వంటి పేటలున్న పాతనగరానికి అది వంతెన దాటితే చేరే దూరం. అయితే ఈ నగరానికి రోగపరీక్ష కొత్త కాదు. హకీము ‘నబ్జ్’ చూసేవాడు, వైద్యుడు నాడి పట్టేవాడు. తెలుగునాట ప్రసిద్ధమైన ‘బసవరాజీయం’లోనూ నాడీపరీక్షకు ప్రముఖ స్థానముంది. అటువంటి చోట, మత్తులో ఉన్న రోగి నాడిని పట్టించుకోనక్కరలేదని లారీ బోధించడం గమనార్హం.

3. రెండు కమిషన్లు

1888లో జరిపిన మొదటి కమిషన్ ప్రయోగాలు లారీ అభిప్రాయాన్నే బలపరిచాయి. లండనులోని ‘లాన్సెట్’ పత్రిక సంతృప్తి చెందలేదు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ వెయ్యి పౌండ్లు సమకూర్చి, నిపుణుణ్ణి పంపమని ఆ పత్రికను కోరాడు. గుండెకు ప్రమాదముందని అంతవరకూ నమ్మిన లాడర్ బ్రంటన్ 1889లో వచ్చాడు. కుక్కలు, కోతులు, గుర్రాలు, మేకలు, పిల్లులు, కుందేళ్లు కలిపి 490 జంతువులపై ప్రయోగాలు చేసినట్లు ఆయన లండనుకు తంతి పంపాడు. శ్వాస ముందు ఆగుతుందనీ, గుండెకు నేరుగా ప్రమాదం లేదనీ తేల్చి, ఆయన తన పూర్వాభిప్రాయాన్ని మార్చుకున్నాడు.

ఈ పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ తొలి మహిళా మత్తువైద్య నిపుణురాలిగా పేరొందింది. ఆమె హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇచ్చే పనిలో సుదీర్ఘకాలం కొనసాగింది.

4. విస్మృతమైన అంశం

కమిషన్ చూసింది అబద్ధం కాదు. అధిక మోతాదులో శ్వాస ముందు క్షీణించడం నిజం. శ్వాసపై నిరంతర దృష్టి నిలపాలన్న దాని సూచన నేటికీ విలువైనదే. పొరపాటు ‘శ్వాస ఒక్కటే’ అనడంలో ఉంది. 1911లో గుడ్‌మన్ లీవీ పిల్లులపై చేసిన ప్రయోగాలు మరో దారి చూపాయి. తేలికపాటి క్లోరోఫారం మత్తులో ఉండగా రక్తంలో అడ్రినలిన్ పెరిగితే, గుండె గదులు క్రమం తప్పి వణికి, హఠాత్తుగా ఆగిపోగలవు. భయపడినప్పుడూ, నొప్పి కలిగినప్పుడూ శరీరం విడుదల చేసేది అడ్రినలిన్‌నే. లోతైన మత్తులో ఉన్న జంతువులో ఈ ప్రమాదం కనిపించదు. మత్తు పూర్తిగా ఎక్కని, బెదిరిన మనిషిలో కనిపిస్తుంది. హానా గ్రీనర్ మరణాన్ని ఈ వెలుగులో మళ్లీ చదవవలసి ఉంది. పక్షాలు రెండూ నాడి, శ్వాసల గురించి వాదించుకున్నాయి. బాలిక భయానికి తగిన ప్రాధాన్యం దక్కలేదు.

వివాదానికి ఆచరణాత్మక సమాధానం కూడా మరోచోట రూపొందింది. 1894లో బోస్టనులో విద్యార్థులుగా ఉన్న హార్వీ కుషింగ్, ఎర్నెస్ట్ కాడ్‌మన్ నాడినీ శ్వాసనూ ఒకే కాగితంపై నిర్ణీత వ్యవధుల్లో రాయడం మొదలుపెట్టారు. ఏది ముఖ్యమన్న ప్రశ్న స్థానంలో అన్నీ ఎలా మారుతున్నాయన్న ప్రశ్న వచ్చింది.

5. నర్సింగ్ పరిశీలనకు అన్వయం

మనఃస్థితి, నొప్పి ఈ చార్టులోకి ఆలస్యంగా చేరాయి. స్పృహను కొలిచే గ్లాస్గో కోమా స్కేలు 1974లో వచ్చింది. బ్రిటనులో 2017లో సవరించిన ముందస్తు హెచ్చరిక పట్టికలో కొత్తగా తలెత్తిన మానసిక అయోమయానికి మూడు అంకెల తీవ్రత కేటాయించారు. నొప్పిని ‘ఐదవ జీవసంకేతం’గా చూడాలన్న అమెరికా ప్రచారం 1990లలో సాగింది. నల్లమందు జాతి మందుల మితిమీరిన వాడకానికి అది దోహదం చేసిందన్న విమర్శ రాగా, 2016లో అమెరికన్ వైద్య సంఘం ఆ భావనను వదులుకోవాలని సూచించింది. ఈ సందర్భంలో నొప్పిని అడగడం తప్పు కాలేదు. దాన్ని ఒక్క అంకెగా కుదించడమే తప్పయింది.

సున్నా నుండి పది వరకు అంకె చెప్పమంటే తడబడే తెలుగు రోగి, సలుపు, పోటు, తీపు, మంట, పీకు అని తేడాలను స్పష్టంగా చెప్పగలడు. 1975లో మెల్జాక్ రూపొందించిన మెక్‌గిల్ ప్రశ్నావళి ఇటువంటి మాటల మీదనే ఆధారపడింది. తెలుగూ ఉర్దూ పక్కపక్కనే వినిపించే పాతనగరంలో నర్సు ఏ భాషలో అడుగుతుందన్నది కూడా పరిశీలనలో భాగమే.

6. ముగింపు

హైదరాబాదు కమిషన్ల ప్రయత్నం అసాధారణం. దేశీయ సంస్థానపు నిధులతో ప్రపంచ వైద్యవివాదాన్ని ప్రయోగశాలకు తెచ్చిన ఘనత వాటిది. ఒక సంకేతాన్ని నిశితంగా చూడడం నేర్పిన ఆ ప్రయోగాలే, ఒక్క దానినే చూడడంలోని ప్రమాదానికీ నిదర్శనమయ్యాయి. నాడి, శ్వాస శరీరం చెప్పే సాక్ష్యం. భయం, నొప్పి రోగి స్వయంగా చెప్పే సాక్ష్యం. ఒకదానితో మరొకటి సరిచూసినప్పుడే పరిశీలన పూర్తవుతుంది.